సగటు చాటున పెరిగిన ముప్పు: అమెరికా నల్లజాతి యువతలో ఆత్మహత్యలు, నివారణలో ఎక్కడ తేడా కొడుతోంది?

క్లుప్తంగా: అమెరికాలో ఆత్మహత్యల రేటు తెల్లజాతీయుల్లో ఎక్కువ, నల్లజాతీయుల్లో తక్కువ అన్నది దశాబ్దాలుగా స్థిరపడిన మాట. మొత్తం జనాభా సగటు చూస్తే అది ఇప్పటికీ నిజమే. 20 ఏళ్ల లోపు వారిలో మాత్రం 2022 నాటికి ఆ మాట తలకిందులైంది. దీనికి నల్లజాతి కుటుంబాలు సాయం అడగకపోవడమే కారణమని చెప్పడం తేలిక. కానీ గుర్తించడం, లెక్కించడం, ఫోన్ ఎత్తడం, చికిత్స ఇవ్వడం అనే నాలుగు మెట్లలోనూ వ్యవస్థ వైపు లోపాలున్నాయి. నమ్మకం ఉన్న చోటికే చికిత్స వెళ్లిన సందర్భాల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. (ఎవరికైనా ఇలాంటి ఆలోచనలు వస్తుంటే అమెరికాలో 988కి, భారత్‌లో టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.)

అంకెలు చెప్పేది, దాచేది

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం 2021లో తెల్లజాతీయుల్లో లక్ష మందికి 17.4 ఆత్మహత్యలు నమోదయ్యాయి. ఆదివాసీ అమెరికన్లలో ఆ రేటు 28.1, నల్లజాతీయుల్లో 8.7. ఇంతవరకే చూస్తే నల్లజాతీయుల గురించి ప్రత్యేకంగా ఆందోళన పడాల్సింది లేదనిపిస్తుంది. విధాన నిర్ణేతలకు చాలాకాలం అలాగే అనిపించింది కూడా.

2018తో పోల్చి చూస్తే బొమ్మ మారుతుంది. ఆ మూడేళ్లలో తెల్లజాతీయుల రేటు 18.1 నుంచి 17.4కు తగ్గింది. నల్లజాతీయుల రేటు 7.3 నుంచి 8.7కు చేరింది, అంటే 19 శాతం పెరుగుదల. 10 నుంచి 24 ఏళ్ల నల్లజాతి యువతలో 8.2గా ఉన్నది 11.2 అయింది. పెరుగుదల 36 శాతం దాటింది. 10-19 ఏళ్ల వారిని మాత్రమే తీసుకుంటే 2018-2022 మధ్య నల్లజాతి పిల్లల రేటు 54 శాతం పెరగగా, తెల్లజాతి పిల్లల్లో 17 శాతం తగ్గింది. నల్లజాతి పిల్లల రేటు తెల్లజాతి పిల్లల రేటును దాటిపోవడం 2022లోనే మొదటిసారి.

ఇది కోవిడ్‌తో ఊడిపడిన సమస్య కాదు. హైస్కూలు విద్యార్థుల సర్వేలను 1991 నుంచి 2017 వరకు పరిశీలిస్తే, ఆత్మహత్యకు ప్రయత్నించామని చెప్పిన నల్లజాతి విద్యార్థుల నిష్పత్తి 73 శాతం పెరిగింది. అదే కాలంలో తెల్లజాతి విద్యార్థుల్లో అది 7.5 శాతం తగ్గింది. ఒహాయోలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ ఆసుపత్రి పరిశోధకుడు జెఫ్రీ బ్రిడ్జ్ బృందం 2018లో మరో చేదు నిజం బయటపెట్టింది. 13-17 ఏళ్ల నల్లజాతి పిల్లల రేటు తెల్లజాతి పిల్లల రేటులో సగమే ఉండగా, 5-12 ఏళ్ల వారిలో మాత్రం రెట్టింపు ఉంది. రెండు వయసులనూ కలిపి చూపినంత కాలం చిన్నపిల్లల ముప్పు పెద్దపిల్లల అంకె కింద దాగి ఉండిపోయింది.

అప్పటికే బయటపడిన ఇలాంటి లెక్కలు చూశాకే అమెరికా కాంగ్రెస్‌లోని నల్లజాతి సభ్యుల కూటమి 2019లో బానీ వాట్సన్ కోల్మన్ నాయకత్వంలో అత్యవసర కార్యదళాన్ని వేసింది. అదే ఏడాది డిసెంబరులో నివేదిక వచ్చింది. 2023 విద్యార్థుల సర్వేలో కొంత ఊరట కనిపించింది. ఆత్మహత్యకు ప్రయత్నించామన్న నల్లజాతి విద్యార్థులు 2021లో 14 శాతం ఉండగా 2023 నాటికి 10 శాతానికి తగ్గారు. ఒక్క సర్వే చూసి ధోరణి మారిందనడం తొందరపాటే.

లెక్కలోకి రాని మరణాలు

అమెరికాలో మరణ కారణాన్ని తేల్చే పద్ధతి ఊరికో రకం. కొన్ని రాష్ట్రాల్లో శిక్షణ పొందిన ఫోరెన్సిక్ వైద్యులు తేలుస్తారు. చాలా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఆ పని ఎన్నికల్లో గెలిచిన కరోనర్‌ది, అంటే మరణ విచారణ అధికారిది. ఆయన వైద్యుడై ఉండాలన్న నిబంధన అన్నిచోట్లా లేదు. ఆత్మహత్య అని రాయాలంటే ఆధారం కావాలి. రాసిపెట్టిన చీటీ, పాత చికిత్స రికార్డు, గతంలో చేసిన ప్రయత్నం, ఇంట్లో వాళ్ల వాంగ్మూలం లాంటివి.

తిరకాసంతా ఇక్కడే ఉంది. బతికున్నప్పుడు మానసిక వైద్యం అందనివారికి రికార్డు ఉండదు. రికార్డు లేనివారి మరణం 'ఉద్దేశం తేలలేదు' అన్న గడిలో పడే అవకాశం ఎక్కువ. నల్లజాతీయుల మరణాలు ఈ గడిలోకి ఎక్కువగా వెళ్తున్నాయని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. మత్తుమందుల మోతాదు మించి చనిపోయిన వారి విషయంలో ఈ సందిగ్ధం మరీ ఎక్కువ. చికిత్స అందకపోవడమే చివరికి లెక్కను కూడా తగ్గించి చూపుతుంది. లెక్క తక్కువగా ఉంటే నిధులూ తక్కువే.

అంకెల మీద నల్లజాతీయుల అనుమానానికి పాత చరిత్ర కూడా ఉంది. 1840 జనగణన ఉత్తరాది రాష్ట్రాల్లోని స్వేచ్ఛా నల్లజాతీయుల్లో పిచ్చి విపరీతంగా ఉందని చూపింది. కొన్ని పట్టణాల్లో ఉన్న నల్లజాతి జనాభా కన్నా 'పిచ్చివారి' సంఖ్యే ఎక్కువ నమోదైంది! మసాచుసెట్స్ వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్ ఈ తప్పుల్ని బయటపెట్టినా, బానిసత్వాన్ని సమర్థించేవారు ఆ అంకెల్ని వాడుకోవడం మానలేదు.

పిల్లల్లో వేరుగా కనిపించే సంకేతాలు

కుంగుబాటు అంటే ముభావంగా ఉండటం, ఏడవడం, అన్నం మానేయడం అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నల్లజాతి పిల్లల్లో అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా, తలనొప్పి, కడుపునొప్పిగా, నిద్రలేమిగా బయటపడుతుంది. బడిలో ఆ కోపాన్ని క్రమశిక్షణ సమస్యగా చూస్తారు. తెల్లజాతి విద్యార్థుల కన్నా నల్లజాతి విద్యార్థుల్ని సస్పెండ్ చేయడం చాలా ఎక్కువ. కౌన్సిలర్ గదికి వెళ్లాల్సిన పిల్లవాడు ప్రిన్సిపాల్ గదికి, అక్కణ్నుంచి ఇంటికి వెళ్తాడు. సాయం చేయగల ఒకే ఒక్క పెద్దమనిషి కంటికి ఆ పిల్లవాడు కనబడడు. 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సిలర్ ఉండాలని వృత్తి సంఘం సిఫారసు చేస్తున్నా, దేశ సగటు దానికి దరిదాపుల్లో లేదు.

చిన్నపిల్లల్లో మరో చిక్కుంది. 5-11 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్న పిల్లల రికార్డులు పరిశీలిస్తే, మానసిక సమస్య నిర్ధారణ అయినవారిలో కుంగుబాటు కన్నా ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లేకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) ఎక్కువగా కనిపించింది. అంటే దీర్ఘకాల విషాదం కన్నా, ఇంట్లోనో స్నేహితులతోనో గొడవ పడిన వెంటనే ఆవేశంలో జరిగే ప్రమాదం ఎక్కువ. కుంగుబాటు ప్రశ్నావళి ఒక్కటే పట్టుకు కూర్చుంటే ఈ పిల్లలు దొరకరు.

అందుకే అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఆసుపత్రుల కోసం నాలుగు సూటి ప్రశ్నలు తయారుచేసింది. అడగడానికి పట్టేది 20 సెకన్లు. గత కొన్ని వారాల్లో చనిపోయి ఉంటే బాగుండేదని అనిపించిందా? నువ్వు లేకపోతే నీకో మీ ఇంట్లోవాళ్లకో మేలని అనిపించిందా? గత వారంలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎప్పుడైనా ప్రయత్నించావా? ఒక్కదానికి అవునన్నా అయిదో ప్రశ్న అడగాలి: ఇప్పుడు, ఈ క్షణంలో ఆ ఆలోచన ఉందా? దానికీ అవునంటే పిల్లవాణ్ని ఒంటరిగా వదలకుండా వెంటనే పూర్తి పరీక్ష చేయించాలి. ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు.

ప్రశ్నలు సరిగ్గానే ఉన్నా అడిగే తీరులో పని చెడుతుంది. తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టకుండా అడిగితే జవాబు 'లేదు' అనే వస్తుంది. కంప్యూటర్ తెర వైపు చూస్తూ అడిగినా అంతే. నల్లజాతి ఇళ్లలో మరో భయం కూడా ఉంది. పిల్లవాడు అవునంటే శిశు సంక్షేమ శాఖకు కబురు వెళ్తుందేమో, పిల్లల్ని తీసుకుపోతారేమో అని. జవాబు ఎవరెవరికి తెలుస్తుందో, ఏం జరిగితే తెలియజేస్తారో ముందే చెప్పాకే ప్రశ్నలు మొదలుపెట్టడం మేలు.

వైద్యుడంటే నమ్మకం ఎందుకు లేదు?

1851లో న్యూ ఆర్లీన్స్‌కు చెందిన శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, యజమాని దగ్గర్నుంచి పారిపోవాలన్న బానిసల కోరికకు ఒక జబ్బు పేరు పెట్టాడు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు, 40 ఏళ్ల పాటు, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవారికి మందు ఇవ్వకుండా ప్రభుత్వ వైద్యులు గమనిస్తూ కూర్చున్నారు. ఇవి తరచూ చెప్పుకునే ఉదాహరణలే. కానీ అపనమ్మకానికి అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. తీవ్ర కుంగుబాటు లక్షణాలున్న నల్లజాతీయులకు స్కిజోఫ్రెనియా (భ్రమలు కలిగించే తీవ్ర సైకోసిస్ జబ్బు) అని తప్పుగా నిర్ధారించే అవకాశం తెల్లజాతీయుల కన్నా ఎక్కువని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చూపించారు. నిర్ధారణ తప్పితే మందూ తప్పుతుంది. సైకోసిస్ మందుల దుష్ప్రభావాలు మీద పడతాయి, అసలు కుంగుబాటు అలాగే ఉంటుంది. రోగి మళ్లీ ఆ గుమ్మం తొక్కడు.

వైద్యుల్లో తమవాళ్లు తక్కువ. జనాభాలో నల్లజాతీయులు సుమారు 13-14 శాతం ఉంటే, సైకియాట్రిస్టుల్లో వారి వాటా 2 శాతం ప్రాంతంలో ఉంది. 2021లో మానసిక సమస్య ఉన్న నల్లజాతి పెద్దల్లో 39 శాతం మందికే ఏదో ఒక చికిత్స అందింది. తెల్లజాతీయుల్లో అది 52 శాతం. ఇందులో డబ్బు పాత్ర చాలా పెద్దది. నల్లజాతి జనాభాలో సగానికి పైగా దక్షిణాది రాష్ట్రాల్లో ఉంది. పేదలకిచ్చే మెడికెయిడ్ బీమాను విస్తరించని 10 రాష్ట్రాల్లో ఎక్కువ అక్కడివే. బీమా ఉన్నా తీసుకోకుండా రొక్కం మాత్రమే తీసుకునే థెరపిస్టులు మానసిక వైద్యంలో మిగతా విభాగాల కన్నా ఎక్కువ.

'చర్చికి పోతారు, ప్రార్థన చేస్తే పోతుందంటారు, డాక్టరు దగ్గరికి వెళ్లరు' అన్న విమర్శ వినిపిస్తూ ఉంటుంది. అందులో సగమే నిజం. ఇంటి గుట్టు బయటపెట్టకూడదన్న పట్టుదల, నల్లజాతి స్త్రీ ఎంత బరువైనా మోయాల్సిందేనన్న అంచనా ఉన్నమాట వాస్తవమే. నల్లజాతి పెద్దవారిలో ఆత్మహత్యల రేటు ఇంతకాలం తక్కువగా ఉండటానికి చర్చి, బంధుబలగమే ప్రధాన కారణాలని పలువురు పరిశోధకులు భావిస్తున్నారన్నది రెండో సగం. సమస్య చర్చిలో లేదు. యువతరం అక్కడికి వెళ్లడం తగ్గింది. ఆ స్థానంలో మరొకటి రాలేదు.

బయటి దెబ్బల్నీ విడిగా చూడలేం. నిరాయుధ నల్లజాతి వ్యక్తిని పోలీసులు చంపిన తర్వాత ఆ రాష్ట్రంలోని నల్లజాతీయుల్లో మనసు బాగోలేని రోజులు ఒకటి రెండు నెలల పాటు పెరిగాయని, తెల్లజాతీయుల్లో అలాంటి మార్పు లేదని 2018లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. కోవిడ్ మొదటి వారాల్లో మేరీలాండ్ రాష్ట్రంలో ఆత్మహత్యలు నల్లజాతీయుల్లో దాదాపు రెట్టింపయ్యాయి. అదే సమయంలో తెల్లజాతీయుల్లో దాదాపు సగానికి పడిపోయాయి.

ఫోన్ చేస్తే ఎవరొస్తారు?

2022 జులై 16న అమెరికా అంతటా మానసిక సంక్షోభంలో సాయానికి 988 నంబరు మొదలైంది. ఫోన్, మెసేజ్, చాట్ మూడూ ఉచితం. 240కి పైగా భాషల్లో దుబాసీలున్నారు కాబట్టి, ఇంగ్లిష్ సరిగ్గా రాని వలస కుటుంబాల పెద్దలు కూడా భాష పేరు చెప్పి మాట్లాడవచ్చు.

నల్లజాతి కుటుంబాల్లో మొదట వచ్చే ప్రశ్న వేరు: ఫోన్ చేస్తే పోలీసులొస్తారా? ఈ భయం ఊహ కాదు. 2018లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో మార్కస్ డేవిడ్ పీటర్స్ అనే ఉపాధ్యాయుడు మానసిక సంక్షోభంలో ఉండగా, చేతిలో ఆయుధం లేకపోయినా పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. 2020 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో వాల్టర్ వాలెస్ జూనియర్ కూడా మానసిక సంక్షోభంలో, చేతిలో కత్తితో ఉండగా పోలీసు కాల్పుల్లోనే పోయాడు. తాము పిలిచింది అంబులెన్స్‌ను అని అతని కుటుంబం చెప్పింది.

988 నిర్వాహకుల ప్రకారం అత్యవసర బృందాన్ని పంపాల్సి వచ్చే కాల్స్ 2 శాతం లోపే. మిగతావన్నీ మాటలతోనే సర్దుకుంటాయి. అయితే ఆ 2 శాతంలో ఎవరు వెళ్తారన్నది ఊరిని బట్టి మారుతుంది. నమ్మకం నిలబడాలన్నా పడిపోవాలన్నా ఆ కొద్ది కాల్సే కీలకం. పీటర్స్ మరణం తర్వాత వర్జీనియా 2020లో చట్టం చేసి, మానసిక సంక్షోభం కాల్స్‌ను తీవ్రతను బట్టి నాలుగు స్థాయులుగా విడదీసింది. తక్కువ స్థాయి కాల్స్‌ను పోలీసులు, అంబులెన్స్ వచ్చే అత్యవసర నంబరు 911 నుంచి 988 కేంద్రానికి మళ్లిస్తారు. డెన్వర్‌లో 2020 జూన్ నుంచి పోలీసులకు బదులు ఒక మానసిక నిపుణుడు, ఒక వైద్య సహాయకుడు వ్యాన్‌లో వెళ్తున్నారు. ఈ పద్ధతికి దారి చూపింది ఓరెగాన్‌లోని యూజీన్ పట్టణం. 1989లో మొదలైన అక్కడి సేవ 2025 ఏప్రిల్‌లో నిధుల్లేక ఆగిపోయింది.

సాంకేతిక లోపం ఒకటి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 988 కాల్‌ను ఫోన్ నంబరులోని ఏరియా కోడ్ చూసి మళ్లించేవారు. మిసిసిపీలో తీసుకున్న నంబరుతో షికాగోలో ఉంటున్న కుర్రవాడు ఫోన్ చేస్తే మిసిసిపీ కేంద్రం ఎత్తేది. వాళ్లకు షికాగోలో ఏ క్లినిక్ రాత్రి తెరిచి ఉంటుందో, ఏ సంచార బృందాన్ని పంపవచ్చో తెలియదు. 2024 సెప్టెంబరులో రెండు పెద్ద టెలికాం సంస్థలు టవర్ ఆధారంగా మళ్లించడం మొదలుపెట్టాయి. ఆ మరుసటి నెలలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీన్ని అన్ని మొబైల్ సంస్థలకూ తప్పనిసరి చేసింది.

బార్బర్ షాపులో పనిచేసింది ఏమిటి?

నల్లజాతి మగవారు మనసు విప్పి మాట్లాడుకునే చోటు బార్బర్ షాపు. అర్కన్సాలోని లిటిల్ రాక్‌లో లోరెంజో లూయిస్ 2016లో మొదలుపెట్టిన కన్ఫెస్ ప్రాజెక్ట్ బార్బర్లకు శిక్షణ ఇస్తుంది. అడ్డుపడకుండా వినడం, కొట్టిపారేయకుండా ఒప్పుకోవడం, నిందించని మాటలు వాడటం, అవసరమైతే నిపుణుల దగ్గరికి పంపడం. ఆలోచన మంచిదే. అయితే షాపులో చెప్పి పంపేస్తే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు గట్టి జవాబు మానసిక వైద్యంలోంచి కాదు, రక్తపోటు పరిశోధన నుంచి వచ్చింది. లాస్ ఏంజలెస్‌లోని 52 బార్బర్ షాపుల్లో చేసిన ప్రయోగ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కొన్ని షాపుల్లో బార్బర్ 'డాక్టరు దగ్గరికి వెళ్లు, ఉప్పు తగ్గించు' అని చెప్పేవాడు. ఆరు నెలల్లో వాళ్ల కస్టమర్ల రక్తపోటు పై అంకె సగటున 9 పాయింట్లు తగ్గింది. మిగతా షాపుల్లో ఫార్మసిస్టే వచ్చి అక్కడే బీపీ చూసి మందు రాసి ఇచ్చాడు. అక్కడ తగ్గుదల 27 పాయింట్లు. రెండు చోట్లా బార్బర్ మీద నమ్మకం ఒకటే. తేడా అంతా చికిత్స షాపులోకి రావడంలో ఉంది.

మానసిక ఆరోగ్యంలోనూ ఫలితమిచ్చిన కార్యక్రమాల్లో ఇదే సూత్రం కనిపిస్తుంది. షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయానికి చెందిన లవోమ్ రాబిన్సన్ బృందం ఒత్తిడిని ఎదుర్కొనే పద్ధతుల్ని 15 పాఠాలుగా మలిచి, నల్లజాతి విద్యార్థులకు వాళ్ల హైస్కూల్లోనే చెప్పింది. అట్లాంటాలోని గ్రేడీ మెమోరియల్ ఆసుపత్రిలో నడిచే నియా ప్రాజెక్ట్, ఇంట్లో హింసను భరిస్తూ ఆత్మహత్యకు ప్రయత్నించిన నల్లజాతి మహిళలకు బృంద చికిత్స ఇస్తుంది. ఇందుకు భిన్నంగా ఒక పూట అవగాహన సదస్సు పెట్టి, కరపత్రం చేతిలో పెట్టి పంపే కార్యక్రమాలు లెక్కలేనన్ని. వాటికి హాజరు పట్టీ ఉంటుంది, ఫలితం ఉండదు.

ఒక కాగితం, ఆరు అంశాలు

సంక్షోభం నుంచి బయటపడి ఇంటికి వెళ్లే మనిషితో కూర్చుని రాసే భద్రతా ప్రణాళికను బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించారు. ఒకే కాగితం మీద ఆరు అంశాలుంటాయి: ముప్పు మొదలవుతోందని తెలిపే గుర్తులు; ఒంటరిగా చేయగల పనులు; ధ్యాస మళ్లించే మనుషులు, చోట్లు; సాయం అడగదగ్గ వాళ్లు; నిపుణుల నంబర్లు; ఇంటిని సురక్షితం చేసుకోవడం. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీకి వచ్చినవారికి ఈ కాగితంతో పాటు ఇంటికెళ్లాక ఫోన్లు కూడా చేస్తే, మామూలు వైద్యంతో పోలిస్తే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం తక్కువగా కనిపించింది. పరీక్షించింది ఎక్కువగా మగవారి మీదనే కాబట్టి, పదిహేనేళ్ల పిల్లల్లో అంతే ఫలితం వస్తుందని హామీ ఇవ్వలేం.

కాగితం ఎక్కడ చెడుతుందో చూడాలి. మొదటి అంశంలో వైద్యుడి మాట 'నిరాశాభావం' అని రాస్తే పిల్లవాడికి అది తన గుర్తులా అనిపించదు. 'హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడను, గ్రూప్ చాట్‌కు జవాబివ్వను' అని అతని మాటల్లోనే రాయాలి. మూడో అంశంలో 'స్నేహితులు' అని రాస్తే లాభం లేదు. బాస్కెట్‌బాల్ కోర్టు ఏ వీధిలో ఉందో, రాత్రి తొమ్మిది తర్వాత తెరిచి ఉంటుందో లేదో రాయాలి. అయిదో అంశంలో ఊరికే '911' అని రాయడం నల్లజాతి కుటుంబాల విషయంలో పెద్ద పొరపాటు. 988, స్థానిక సంచార బృందం నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే కేంద్రం చిరునామా ముందు రావాలి. పోలీసుల్ని పిలవక తప్పని పరిస్థితి వస్తే ఫోన్లో ఏం చెప్పాలో కూడా ముందే అనుకోవాలి: ఇది వైద్య సమస్య, ఇంట్లో ఎవరి దగ్గరా ఆయుధం లేదు, మానసిక సంక్షోభంలో శిక్షణ పొందిన అధికారిని పంపండి.

ఆరో అంశం అన్నిటికన్నా కష్టం. అమెరికాలో సగానికి పైగా ఆత్మహత్యల్లో తుపాకీ ఉంది. 2020 తర్వాత నల్లజాతి కుటుంబాల్లో తుపాకీ కొనుగోళ్లు పెరిగాయి. చాలామంది ఆత్మరక్షణ కోసమే కొన్నామంటారు. వాళ్లతో 'తుపాకీ వదిలేయండి' అని మొదలుపెడితే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. 'కొన్నాళ్ల పాటు' అన్న మాట పనిచేస్తుంది. నమ్మకమైన బంధువు ఇంట్లో ఉంచడం, లేదా తూటాలు తీసి, తుపాకీని ఒక చోట, తూటాలను మరో చోట తాళం వేయడం, తాళంచెవి పిల్లలకు అందకుండా చూడటం. స్టేషన్‌లో దాచిపెట్టమన్న సలహా తెల్లజాతి పల్లెల్లో చెల్లుతుందేమో కానీ, పోలీసులంటేనే భయమున్న ఇంట్లో చెల్లదు. సంక్షోభం ఉధృతంగా ఉండే సమయం చాలాసార్లు స్వల్పం. ఆ సమయం దాటించడమే లక్ష్యం. ప్రయత్నం చేసి బతికిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోలేదని దీర్ఘకాల అధ్యయనాలు చెబుతున్నాయి.

ఆ ఫోన్ కాల్‌కు ఎవరు చెల్లిస్తారు?

ఆసుపత్రి నుంచి విడుదలైన మొదటి వారం, మొదటి మూడు నెలలు అత్యంత ప్రమాదకరమైన కాలం. విడుదలైన 72 గంటల్లోపు ఒక ఫోన్ చేసి, కాగితంలో ఏది పనిచేసింది, ఏది మార్చాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ ఉందా అని అడగడం ఖర్చు తక్కువ పని. అయినా జరగదు. చాలాకాలం పాటు ఆ ఫోన్‌కు బీమాలో బిల్లు వేసే వీలే లేకపోయింది. బిల్లు లేని పని నర్సు ఖాళీ సమయానికి వాయిదా పడుతుంది. నర్సుకు ఖాళీ సమయం ఉండదు.

2025 జనవరి నుంచి వృద్ధులు, దివ్యాంగుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ భద్రతా ప్రణాళిక రాయడానికి, విడుదల తర్వాతి ఫోన్లకు విడివిడిగా బిల్లింగ్ కోడ్‌లు ఇచ్చింది. ముప్పు పెరుగుతున్నది యువతలో. వాళ్లలో చాలామంది మెడికెయిడ్ కింద ఉన్నారు. అక్కడ ఇలాంటి ఫోన్‌కు డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది ప్రతి రాష్ట్రమూ విడిగా తేల్చుకోవాలి. సంచార సంక్షోభ బృందాల ఖర్చులో 85 శాతం భరిస్తామని కేంద్రం 2021 చట్టంలో రాష్ట్రాలకు ఆశ చూపింది, అది మూడేళ్లకే పరిమితం. ఆ గడువు ముగిసిన రాష్ట్రాల్లో వ్యాన్లు నడపాలా వద్దా అన్నది ఇప్పుడు స్థానిక బడ్జెట్ల మీద ఆధారపడి ఉంది.